సై-ఛేంజ్‌లింగ్ నవలలు: జత కుదరడం వేరు, మనిషి ఎదగడం వేరు

రూపం మారే మనుషుల ప్రేమకథలు రాసేవాళ్లకు ఎప్పుడూ అందుబాటులో ఉండే సులువు ఒకటుంది. కథానాయకుడిలోని తోడేలు ఒక అమ్మాయి వాసన పట్టగానే "ఈమే నా జత" అని తీర్పు చెప్పేస్తుంది. ఇక మిగిలిన మూడొందల పేజీలూ ఆ తీర్పు అమలుకావడానికే సరిపోతాయి. అతనిలో ఆమెకు నచ్చదగ్గది ఏముంది, ఒకరి కోసం ఒకరు ఏం వదులుకున్నారు, ఇద్దరి భయాలూ ఎక్కడ ఢీకొన్నాయి అన్న ప్రశ్నలకు చోటే ఉండదు. ప్రేమకథలో పాత్ర ఎదిగేది సందేహం ఉన్నచోటే. ఆ సందేహాన్ని విధి మొదటి అధ్యాయంలోనే తీర్చేస్తే పాత్రకు చేయడానికి పనేమీ మిగలదు. ఫోన్ యాప్‌లలో అధ్యాయానికింత చొప్పున అమ్ముడయ్యే తోడేలు సీరియళ్లలో చాలా మటుకు ఇక్కడే చతికిలబడతాయి.

నళినీ సింగ్ సై-ఛేంజ్‌లింగ్ నవలలు ఈ చిక్కును ఎరిగి రాసినవి. ఫిజీలో పుట్టి న్యూజీలాండ్‌లో పెరిగిన ఈ రచయిత్రి మొదటి భాగం 'స్లేవ్ టు సెన్సేషన్' 2006లో తెచ్చారు. 2016 నాటికి పదిహేను నవలలతో తొలి విడత పూర్తయింది. 2017లో 'సిల్వర్ సైలెన్స్'తో రెండో విడత మొదలైంది. ఈ సమీక్ష 2012లో వచ్చిన 'టాంగిల్ ఆఫ్ నీడ్' దాకా, అంటే మొదటి పదకొండింటి గురించి. అన్నీ ఒకే స్థాయిలో లేవు. కొన్ని చాలా గొప్పగా ఉన్నాయి, కొన్ని నిరభ్యంతరంగా వదిలేయొచ్చు. కథల్లోని నేరాల గుట్టు ఇక్కడ విప్పడం లేదు. పాత్రలు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాయో మాత్రం చెప్పక తప్పదు. అది కూడా ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు మొదటి మూడు భాగాలు చదివి ఇటు రావడం మంచిది.

కథాకాలం 2079. మూడు జాతులు: మనోశక్తులున్న సైలు, మృగరూపం ఎత్తగల ఛేంజ్‌లింగులు, మామూలు మనుషులు. సైలలో పిచ్చీ హింసా పెచ్చరిల్లడంతో వాళ్ల కౌన్సిల్ 1969లో 'సైలెన్స్' అనే శిక్షణ తలపెడుతుంది. పుట్టినప్పటి నుంచీ పిల్లల మనసుల్లోంచి కోపాన్ని తీసేయాలన్నది మొదటి ఉద్దేశం. ఒక్క కోపాన్నే విడదీసి తీయడం కుదరదని తేలుతుంది. పదేళ్లు చర్చించాక, 1979లో, అన్ని ఉద్వేగాలనూ తీసేద్దామని తీర్మానిస్తారు. ప్రతి సై మెదడూ సైనెట్ అనే మానసిక వలకు కట్టుబడి ఉంటుంది. ఆ వల నుంచి తెగితే బతకదు. కాబట్టి ఏదైనా అనుభూతి కలిగిన సై దాన్ని దాచుకోవాలి, లేదా చావుకు సిద్ధపడాలి. ప్రేమకు ఇంత కచ్చితమైన ఖరీదు కట్టి పెట్టడమే ఈ నవలల మొదటి బలం. "నీ కోసం ప్రాణమిస్తాను" అనే మాట ఇక్కడ ఊరికే అనేది కాదు, లెక్క ప్రకారం నిజం.

రెండో వైపున ఛేంజ్‌లింగులు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో డార్క్‌రివర్ అనే చిరుతల ప్యాక్ (గుంపు), సియెర్రా నెవాడా కొండల్లో స్నోడాన్సర్ అనే తోడేళ్ల ప్యాక్. వీళ్లకు స్పర్శ అన్నం లాంటిది, లేకపోతే నీరసించిపోతారు. అయితే ఎవరు ఎవరిని తాకవచ్చు అనేదానికి కట్టుబాట్లున్నాయి. వీటిని 'స్కిన్ ప్రివిలేజెస్' అంటారు. తల్లికి బిడ్డ మీద, ప్యాక్‌లో తోటివాళ్లకు ఒకరి మీద ఒకరికి, ప్రేమికులకు ఒకరి మీద ఒకరికి ఉండే హక్కులు వేర్వేరు. అడగకుండా తీసుకుంటే తప్పు. స్పర్శ ఆకలి ఉన్న జాతిని, స్పర్శను పూర్తిగా మానేసిన జాతిని ఎదురెదురుగా నిలబెట్టారు కనుక, చేయి పట్టుకోవడం కూడా కథలో ఒక మలుపు అవుతుంది. ఈ తరహా నవలల్లో మిగతావాళ్లు పడకటింటి ఘట్టంతో సాధించలేనిది ఇక్కడ భుజం మీద వేసిన చేయి సాధిస్తుంది.

మన కథల్లో కామరూపులకు కొదవ లేదు. శూర్పణఖ, హిడింబి, 'మాయాబజార్'లో శశిరేఖ రూపమెత్తిన ఘటోత్కచుడు. అయితే అక్కడ మారిన రూపం ఒక మాయ, పని అయ్యాక తీసేసే వేషం. హిడింబి అందగత్తెగా మారి భీముడి ముందు నిలబడిన ఘట్టం మనకు కంఠస్థం. అతను వెళ్లిపోయాక ఆమె మనసు ఏమైందో కథ పట్టించుకోదు. సై-ఛేంజ్‌లింగ్ నవలల్లో మృగం వేషం కాదు, మనిషిలో రెండో సగం. దాన్ని దాచడానికి లేదు, వదిలించుకోవడానికి లేదు, పూర్తిగా దానికి లొంగినా ప్రమాదమే. మృగరూపంలోనే ఉండిపోయి మనిషితనం పోగొట్టుకున్నవాళ్లు తాము ప్రేమించినవాళ్ల మీదే పడతారు. మనిషి, మృగం ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఏ నిర్ణయమూ నిలవదు. ఎదుగుదలకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకొకటి దొరకడం కష్టం.

ఇక భాగాల్లోకి వస్తే, 'స్లేవ్ టు సెన్సేషన్'లో సాషా డంకన్ కార్డినల్ స్థాయి, అంటే అందరికంటే ఎక్కువ శక్తి ఉండే పై స్థాయి సై, కౌన్సిల్ సభ్యురాలు నికితా కూతురు. డార్క్‌రివర్ నాయకుడు లూకస్ హంటర్ నల్ల చిరుత. ఛేంజ్‌లింగుల కోసం కట్టే ఇళ్ల ప్రాజెక్టు పేరుతో ఇద్దరూ కలుస్తారు. నిజానికి లూకస్ వెతుకుతున్నది తమ జాతి ఆడవాళ్లను చంపుతున్న హంతకుడిని. సాషాకు అన్నీ అనుభూతిలోకి వస్తుంటాయి, తనకు పిచ్చెక్కుతోందని నమ్ముతుంటుంది. ఇక్కడ రచయిత్రి చేసిన మంచి పని ఏమిటంటే, సాషాను ప్రేమ మార్చలేదు. ఆమె లోపం అనుకున్నదే ఆమె అసలు శక్తి. ఎదుటివాళ్ల బాధను తీసుకుని మాన్పగల సైలు ఒకప్పుడు ఉండేవారు, కౌన్సిల్ ఆ తెగ ఆనవాళ్లనే చెరిపేసింది. తన గురించి తనకు చెప్పిన అబద్ధాన్ని గుర్తుపట్టడమే ఆమె ప్రయాణం. లూకస్ ఆ ప్రయాణానికి సాక్షి, అండ. చిరుత కూనల మధ్య ఆమె తొలిసారి మెత్తబడే ఘట్టాలు ప్రేమ ఘట్టాల కంటే లోతుగా ఉన్నాయి. పిల్లల ముందు ఆమెకు నటించాల్సిన అవసరం లేకపోవడమే కారణం.

అదే పుస్తకంలో లూకస్ మాత్రం పెద్దగా మారడు. చిన్నతనంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న గాయం ఉంది, ఇంకొకరిని పోగొట్టుకుంటానన్న భయం ఉంది. ఆ భయంతో అతను తీసుకున్న తప్పుడు నిర్ణయం ఒక్కటీ కనిపించదు. గాయాన్ని చెప్పడం వేరు, గాయం చేత పాత్రతో ఏదైనా చేయించడం వేరు. మొదటి భాగంలో రచయిత్రికి ఈ రెండోది నాయకుడి విషయంలో ఇంకా పట్టుబడలేదు. హంతకుడి దృష్టిలోంచి రాసిన తునకలు 2000ల నాటి థ్రిల్లర్ల మూస. వాటిని వేగంగా దాటేసినా నష్టం లేదు.

'విజన్స్ ఆఫ్ హీట్' 2007. ఫెయిత్ నైట్‌స్టార్ భవిష్యత్తు చూడగల సై, ఆమె దర్శనాలను కుటుంబం వ్యాపార జోస్యాలుగా అమ్ముకుంటుంది. పెద్ద ఆవరణలో, కాపలాల మధ్య, దాదాపు ఒంటరిగా పెరిగింది. ఎవరైనా తాకితే మెదడు తట్టుకోలేక కూలిపోతుందని ఆమెకు నేర్పారు. జాగ్వార్ రూపమున్న వాన్ ఒక శిల్పి, చిన్నప్పుడు కన్నవాళ్లే అడవిలో వదిలేసిపోయిన మనిషి. ఈ నవల అంతా ఒక వరసలో నడుస్తుంది: ముందు దూరం నుంచి మాట, తర్వాత క్షణం పాటు వేలికొసలు, తర్వాత అరచేయి, భుజం, కౌగిలి. ఒక్కో మెట్టు దగ్గరా ఆమె శరీరం ఎదురుతిరగడం, వెనక్కి తగ్గడం, మళ్లీ ప్రయత్నించడం ఉంటాయి. కోలుకోవడాన్ని ఇంత ఓపికగా, మెట్టుమెట్టుగా రాసినవాళ్లు ఈ తరహాలో తక్కువ. ఇబ్బంది ఎక్కడంటే, కొన్నిచోట్ల ఎంత దూరం వెళ్లాలో ఫెయిత్ కాకుండా వాన్ నిర్ణయిస్తాడు. రాత్రిపూట కాపలా దాటి ఆమె నివాసంలోకి చొరబడటాన్ని మృగం సహజగుణంగా కథ సమర్థిస్తుంది. స్కిన్ ప్రివిలేజెస్ అంటూ అంత చక్కటి కట్టుబాటు పెట్టుకున్న ప్రపంచంలో దాన్ని నాయకుడి కోసం సడలించడం నిజమైన లోపం. ఈ విషయంలో సున్నితంగా ఉండే పాఠకులు ముందే తెలుసుకోవాలి.

ఈ పదకొండింటిలో పాత్ర నిర్మాణం అన్నింటికంటే గట్టిగా ఉన్నది మూడోది, 'కెరెస్డ్ బై ఐస్'. ఇది కూడా 2007దే. ఇందులో గడ్డకట్టిన మనసు మగవాడిది, మృగం ఆడదానిది. జడ్ లారెన్ సైల హంతక దళం నుంచి పారిపోయి వచ్చి, తోడేళ్ల దగ్గర తలదాచుకున్న మనిషి. బ్రెన్నా కిన్‌కెయిడ్ స్నోడాన్సర్ తోడేలు, అపహరణకూ చిత్రహింసకూ గురై బతికి బయటపడింది. అన్నలిద్దరూ ఆమెను గాజుబొమ్మను చేసి కూర్చోబెట్టాలని చూస్తుంటారు.

జడ్ విషయంలో సైలెన్స్ అన్యాయంగా రుద్దిన సంకెల మాత్రమే అయితే, ప్రేమ వచ్చి దాన్ని తెంచేసిందని చెప్పి కథ ముగించొచ్చు. రచయిత్రి ఆ దారి మూసేశారు. జడ్ శక్తి మనిషి శరీరం లోపల పనిచేస్తుంది, తలుచుకుంటే గుండె ఆపేయగలదు. ఉద్వేగం అదుపు తప్పితే ముందు చచ్చేది ఎదురుగా ఉన్న మనిషే. అంటే అతను మంచులా ఉండటానికి సరైన కారణమే ఉంది. పైగా, అనుభూతి కలిగినప్పుడల్లా శిక్షగా నొప్పి పుట్టేలా సైలెన్స్ అతని మెదడులో ఒక ఏర్పాటు చేసి పెట్టింది. ప్రేమ బలపడే కొద్దీ నొప్పి పెరుగుతుంది. అతను చేయాల్సిన పని రెండంచులది: నొప్పి పుట్టించే కట్టు విప్పాలి, ఆ కట్టు ఇన్నాళ్లూ చేసిన కాపలా పనికి ఇంకో మార్గం వెతకాలి. ఒకటి చేసి రెండోది మరిస్తే బ్రెన్నా ప్రాణానికే ముప్పు. ఈ నవలలో ఎదుగుదల అంటే ఇదీ: ఒక రక్షణను తీసేసే ముందు, దాని స్థానంలో ఏం పెట్టాలో తెలుసుకోవడం. గాయపడిన నాయకుణ్ణి నాయిక కన్నీళ్లు బాగుచేసే కథలకూ దీనికీ ఉన్న తేడా అదే.

బ్రెన్నా కూడా అంతే గట్టిగా ఉంది. ఆమె కోరుకునేది ఓదార్పు కాదు, తన నిర్ణయాలు తనకు తిరిగి రావడం. అన్నల ప్రేమ అందుకు అడ్డమవుతుంటే ఆమె వాళ్ల మీద అరుస్తుంది, కొన్నిసార్లు అన్యాయంగానే అరుస్తుంది. బాధితురాలు ఎప్పుడూ మంచిగానే ఉండాలన్న నియమం పెట్టుకోకపోవడం వల్ల ఆమె మనిషిగా నిలబడింది. ఆమెకు జడ్ నచ్చడానికి కారణం కూడా నవలలోనే ఉంది: ఆమెను పగిలిపోయే వస్తువులా చూడనివాడు అక్కడ అతనొక్కడే.

నాలుగో భాగం 'మైన్ టు పొసెస్' బాల్యస్నేహితులైన టాలిన్, క్లే గురించి. మంచి ముడి ఉంది, కానీ క్లే అసూయ పేజీల కొద్దీ సాగి విసిగిస్తుంది. ఐదో భాగం 'హాస్టేజ్ టు ప్లెజర్' అలా దాటేసేది కాదు. కారణం డోరియన్. అతను చిరుత జాతిలో పుట్టి రూపం మార్చలేని మనిషి. మృగం లోపల ఉంది, బయటికి రాదు. ఆ లోటును కప్పడానికి మిగతావాళ్ల కంటే ఎక్కువ శిక్షణ తీసుకుని గురి తప్పని తుపాకీవీరుడు అయ్యాడు. మొదటి భాగంలోని హంతకుడి చేతిలో చెల్లెలు చనిపోయినప్పటి నుంచి సైలంటే రగిలిపోతుంటాడు. ఆ రగులుడు అతని సొంత నవల రాకముందే నాలుగు భాగాలపాటు పక్కపాత్రగా మనకు కనిపిస్తుంటుంది: సాషా పక్కన తొలిసారి మెత్తబడటం, మళ్లీ కోపంలోకి జారడం, కొద్దికొద్దిగా నవ్వడం. ఐదో భాగంలో సై శాస్త్రవేత్త అషాయా ఎదురయ్యేసరికి అతని ద్వేషం లోతు మనకు తెలుసు కనుక, అది కరగడం నమ్మశక్యంగా ఉంటుంది. వరుస నవలలకు మాత్రమే సాధ్యమయ్యే పని ఇది, ఒక్క పుస్తకంలో కుదరదు. చివర్లో డోరియన్ రూపం మార్చగలుగుతాడు. చాలామంది పాఠకులకు అది పండగే. నాకు మాత్రం అది అతని విలువను తగ్గించినట్టు ఉంది. లోటుతోనే పూర్తి మనిషిగా నిలబడ్డవాడికి ఆ లోటును తీర్చి బహుమతి ఇవ్వాల్సిన పని లేదు.

ఇక 'ఆల్ఫా' సంగతి. తోడేళ్లలో పోట్లాడి పైకొచ్చే పెత్తందారు ఉంటాడన్న భావన, 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనుల్లో ఉన్న తోడేళ్లను చూసి రాసిన పరిశోధన నుంచి వచ్చింది. డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకంతో అది జనంలోకి పోయింది. అడవిలో తోడేళ్ల గుంపు అంటే చాలా మటుకు తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో ఆయనే సరిదిద్దారు. తోడేలు ప్రేమకథలు మాత్రం ఆ దిద్దుబాటును ఇప్పటికీ పట్టించుకోవు. గర్జించడం, ఆడదాన్ని భుజాన వేసుకుపోవడమే నాయకత్వం అనుకుంటాయి. సై-ఛేంజ్‌లింగ్‌లో దర్జా మెట్లున్నాయి: ఆల్ఫా, చిరుతల్లో సెంటినెళ్లు, తోడేళ్లలో లెఫ్టినెంట్లు, ఆ కింద సైనికులు, పిల్లల్ని సాకే తల్లులు, మెత్తని స్వభావంవాళ్లు. అయితే పై మెట్టు అంటే కింది మెట్టుకు జవాబుదారీ. మెత్తనివాళ్లను బెదిరించిన బలవంతుడికి ప్యాక్‌లో పరువుండదు. అంటే గుంపు ఒక పెద్ద ఉమ్మడి కుటుంబంలా నడుస్తుంది, కొత్త పరిశోధనకు ఇదే దగ్గర. చిరుతల ప్యాక్ అనేది ప్రకృతిలో లేదు. నల్లమలలోనైనా తిరుమల కొండల్లోనైనా చిరుత ఒంటరి జీవి. ఆ ఒంటరితనాన్ని రచయిత్రి పూర్తిగా తీసేయలేదు, డార్క్‌రివర్ వాళ్లు తోడేళ్లలా ఒకే గుహలో ఉండకుండా అడవిలో విడివిడిగా ఇళ్లు కట్టుకుంటారు.

ఈ మెట్ల వ్యవస్థ ప్రేమకు అడ్డం పడినప్పుడు పుట్టినవే 2009 నాటి ఆరో భాగం 'బ్రాండెడ్ బై ఫైర్', 2010 నాటి తొమ్మిదో భాగం 'ప్లే ఆఫ్ ప్యాషన్'. మొదటిదాంట్లో మెర్సీ చిరుతల సెంటినెల్, రైలీ తోడేళ్ల లెఫ్టినెంట్. ఇద్దరూ ఎవరికీ తగ్గరు. మెర్సీ అసలు భయం అతన్ని చూసి కాదు. జత కుదిరితే తన ప్యాక్‌తో ఉన్న బంధం తెగిపోతుందేమోనని. పెళ్లయితే పుట్టింటి మనిషిని కాకుండా పోతానా అన్న ప్రశ్న ఇది. తెలుగు పాఠకురాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. రైలీ నేర్చుకోవాల్సింది ఆమెను కాపాడటం మానేయడం. అది అతనికి నిజంగా కష్టం, ఎందుకంటే బ్రెన్నాను కాపాడలేకపోయిన అన్న అతనే. మూడో భాగంలో పడిన గాయం ఆరో భాగంలో తప్పుగా పనిచేస్తుంది. లూకస్ దగ్గర కొరవడిందన్నది సరిగ్గా ఇదే.

'ప్లే ఆఫ్ ప్యాషన్'లో ఇండిగో లెఫ్టినెంట్, డ్రూ వయసులో ఆమెకంటే చిన్న. ఇండిగో వెనకాడటానికి ఇంట్లోనే ఉదాహరణ ఉంది: తనకంటే తక్కువ బలమున్న మగవాడితో కలిసి బతకాలని చూసిన పిన్ని ఏడ్రియా జీవితం ఎలా పాడైందో ఆమె కళ్లారా చూసింది. డ్రూ నవ్వుతూ నవ్విస్తూ ఉండేవాడు, ఈ తరహా నవలల్లో అరుదైన నాయకుడు. కాకపోతే ఆమె వద్దన్నాక కూడా వెంటపడే ఘట్టాలున్నాయి. మన సినిమాల్లో చూసి చూసి విసిగిన వ్యవహారమే, ఇక్కడ కూడా బాగాలేదు. ఆ తప్పును కథ తప్పుగానే చూపించి అతని చేత దిద్దుబాటు చేయించడం కాస్త నయం.

పదో భాగం 'కిస్ ఆఫ్ స్నో' 2011లో వచ్చింది. అప్పటికి అభిమానులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న జంట కథ ఇది: స్నోడాన్సర్ ఆల్ఫా హాక్, జడ్ మేనకోడలు సియెన్నా. కథ ఉత్కంఠగా నడుస్తుంది, యుద్ధఘట్టం బాగుంది. సియెన్నాకు పంతొమ్మిదేళ్లు, హాక్ ఆమెకంటే పదేళ్లకు పైగా పెద్ద. వయసు తేడా గురించి పాత్రలు చాలానే మాట్లాడుకుంటాయి గానీ చివరికి బంధం బలమే జవాబైపోతుంది. హాక్ చిన్నప్పుడే తన జతగా తెలిసిన అమ్మాయిని పోగొట్టుకున్నవాడు. ఆ దుఃఖం ఉన్నచోటల్లా నవల లోతుగా ఉంది, లేనిచోట తేలిపోతుంది.

దీని వెంటనే వచ్చిన 'టాంగిల్ ఆఫ్ నీడ్' మీద అభిమానులు రెండుగా చీలిపోయారు. ఈ విషయంలో నేను మెచ్చినవాళ్ల పక్షం. రియాజ్ అనే తోడేలుకు తన జత దొరికింది, కానీ ఆమెకు అప్పటికే పెళ్లయింది, భర్తను ప్రేమిస్తోంది. రియాజ్ గుండె పగిలి ఇంటికి తిరిగొస్తాడు. అక్కడ ఏడ్రియా ఉంది, ఇంతకుముందు చెప్పిన ఆ పిన్నే. ఇద్దరూ దెబ్బతిన్నవాళ్లు. ఇద్దరి మధ్యా మృగం ఇచ్చిన తీర్పు లేదు. జత కాని మనిషిని ఎంచుకుని, రోజూ మళ్లీ మళ్లీ ఎంచుకుంటూ, ఇదే నా జీవితం అని నమ్మడం ఎంత కష్టమో ఈ నవల చూపిస్తుంది. పది నవలలుగా జతబంధం పరమ సత్యం అని చెప్పుకొచ్చిన రచయిత్రి తన నియమాన్ని తానే ప్రశ్నించుకోవడం పెద్ద సాహసం. ఏడ్రియా అనుమానం న్యాయమైనది: ఆమె ఎదుటపడితే నేను గుర్తుంటానా? దీనికి మాటలతో జవాబు చెప్పడం అయ్యే పని కాదు, రియాజ్ చేతలతో చెప్పాలి. నవల లోపం ఏమిటంటే హాక్, సియెన్నాలకు పేజీలు ఇంకా పంచుతూ పోవడం; అసలు జంటకు పుస్తకంలో రావాల్సినంత చోటు రాలేదు.

వరుస మొత్తానికి వర్తించే లోపాలు ఇంకొన్ని. సై నాయికల శిక్షణ తెగే క్రమం ఒకటి, రెండు, ఐదు భాగాల్లో పోలికగా ఉండటంతో వెంటవెంటనే చదివితే మొనాటనీ వస్తుంది. మగ పాత్రల ఈర్ష్య, "నాది" అన్న మాట లెక్కకు మించి వినిపిస్తాయి. కౌన్సిల్ సభ్యుల్లో నికితా లాంటి ఒకరిద్దరిని తప్పిస్తే మిగతా ప్రతినాయకులు పలచన. పడకటింటి ఘట్టాలు దాపరికం లేనివి, పెద్దవాళ్లకు మాత్రమే. హింస ప్రస్తావన మూడో, నాలుగో భాగాల్లో ఎక్కువ. నాలుగోదాంట్లో పసితనంలో జరిగిన అత్యాచారం నేపథ్యంగా ఉంది.

పోల్చి చూడదగ్గది ప్యాట్రీషియా బ్రిగ్స్ 'ఆల్ఫా అండ్ ఒమేగా' వరుస. అన్నా అనే అమ్మాయిని ఇష్టం లేకుండా తోడేలును చేసి, షికాగో ప్యాక్ మూడేళ్లు హింసిస్తుంది. ఛార్ల్స్ లోపలి తోడేలుకు వేరే మనసుంది. అది ఆమెను ముందే ఎంచుకుంటుంది, మనుషులిద్దరూ ఒకరికొకరు ఇంకా కొత్తవాళ్లు. తోడేళ్లకు ఉన్న నమ్మకాన్ని మనుషులు మెల్లగా అందుకోవడమే కథ. రూపం మారడం కూడా ఇక్కడ నెమ్మది, ఒళ్లు విరిచే నొప్పి. నళినీ సింగ్ దగ్గర అది క్షణంలో రంగుల మెరుపులా అయిపోతుంది, బట్టలు మాత్రం పోతాయి. భయం మానడాన్ని బ్రిగ్స్ ఇంకా నెమ్మదిగా రాస్తారు, పడకటింటి వేడి బాగా తక్కువ. ఒక హెచ్చరిక: ఈ వరుసలో మొదటి నవల 2008 నాటి 'క్రై వుల్ఫ్' అయినా, అన్నా-ఛార్ల్స్ కలుసుకునేది దానికి ముందు 2007లో 'ఆన్ ద ప్రౌల్' సంకలనంలో వచ్చిన నవలికలో. అది వదిలేసి నేరుగా 'క్రై వుల్ఫ్' పట్టుకున్నవాళ్లకు మొదటి అధ్యాయాలు అయోమయంగా ఉంటాయి.

సై-ఛేంజ్‌లింగ్ చదవాలనుకునేవాళ్లు మొదటి భాగాన్ని దాటవేయకూడదు, ప్రపంచం నియమాలన్నీ అందులోనే ఉన్నాయి. అది చదివి తొందరపడి వరుసను తిరస్కరించకుండా మూడోది కూడా చదవాలి. అది నచ్చకపోతే మిగతావీ నచ్చవు. టైమ్ తక్కువ ఉన్నవాళ్లకు ఒకటి, మూడు, ఐదు, ఆరు సరిపోతాయి. ఏడ్రియా కథ కావాలంటే మాత్రం తొమ్మిది, పది చదివాకే పదకొండుకు రావాలి. తొమ్మిదిలో ఆమె గతం, పదిలో హాక్ సంగతి తెలియకుండా నేరుగా పదకొండు తెరిస్తే సగం పేజీలు ఎవరి గురించో అర్థం కాదు, ఏడ్రియా భయానికి ఉన్న బరువు అందదు.